సెటిల్‌మెంట్: ఎవరి మధ్య, ఎవరి షరతుల మీద?

ఆ మధ్య ఒక సాయంత్రం మా ఆఫీసుకు ముప్ఫై ఏళ్ళు దాటని స్త్రీ ఒకామె తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. చేతిసంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్లమీద పెట్టింది. వంద రూపాయల స్టాంపు కాగితం. తొమ్మిదేళ్ళ కాపురం దానిమీద పదకొండు లైన్లలో ముగిసిపోయింది. ఆమెకు రెండు లక్షలు యిస్తారు. ఆమె పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటుంది. యికమీదట ఒకరిమీద ఒకరికి ఏ హక్కూ వుండదు. కింద భర్త సంతకం, ఆమె సంతకం, నలుగురు పెద్దమనుషుల సంతకాలు.

"సెటిల్ చేసేశారు మేడం. యాభై వేలు చేతిలో పెట్టారు. మిగతాది అడిగితే రేపూ మాపూ అంటున్నారు. యిప్పుడేం చెయ్యాలి?" అంది. ఎక్కడ రాశారని అడిగాం. స్టేషన్‌లోనే అంది. ఎవరు రాయమన్నారంటే "అందరూ" అంది. ఆరేళ్ళ కూతురు ఎవరి దగ్గర పెరగాలో, దాని చదువుకి ఎవరు యివ్వాలో ఆ కాగితంలో ఒక్క మాట కూడా లేదు.

'సెటిల్ చేసుకున్నాం' అని ఆమె అనలేదు. 'సెటిల్ చేసేశారు' అంది. యీ తేడా గురించే యీసారి సంపాదకీయంలో మాట్లాడుకోవాలనిపించింది.

ఈ ఇంగ్లీషు మాటను మనం ఎన్ని చోట్ల వాడుతున్నామో చూడండి. పెళ్ళి సెటిలైంది. ఉద్యోగంలో సెటిలయ్యాడు. అమెరికాలో సెటిలయ్యారు. అప్పు సెటిల్ చేశారు. స్థలం గొడవ సెటిల్‌మెంట్‌కి వచ్చింది. తండ్రి యిల్లు కొడుకు పేర సెటిల్‌మెంట్ రాశాడు. కేసు బయటే సెటిల్ చేసుకున్నారు. యివన్నీ చెప్పడానికి తెలుగులో ఒకప్పుడు వేరువేరు క్రియలు వున్నాయి. పెళ్ళి కుదురుతుంది, అప్పు తీరుతుంది, తగవు తెగుతుంది, మనిషి స్థిరపడతాడు, మనసు కుదుటపడుతుంది. తగవు తెగడం వేరు, తగవు పెట్టిన మనిషి నోరు మూయించడం వేరు. మన పాతమాటలు ఆ తేడాను కొంతవరకైనా నిలబెట్టేవి. 'సెటిల్‌మెంట్' వచ్చాక రెండూ ఒకే మాటలో కలిసిపోయాయి. న్యాయం జరిగినా సెటిల్‌మెంటే, అన్యాయం స్థిరపడినా సెటిల్‌మెంటే.

వ్యాకరణంలోకి వెళ్తే మరో సంగతి కనిపిస్తుంది. అబ్బాయి విషయంలో మనం 'సెటిలయ్యాడు' అంటాం. ఉద్యోగమో వ్యాపారమో వచ్చింది, తనంతట తాను నిలబడ్డాడు అని అర్థం. అమ్మాయి విషయంలో 'సెటిల్ చేశాం' అంటాం. పెళ్ళి చేసి పంపించాం అని అర్థం. అతను కర్త, ఆమె కర్మ. ఎంత చదివినా, ఎంత సంపాదించినా పెళ్ళికాని స్త్రీని మన బంధువులు 'యింకా సెటిల్ కాలేదు' అనే అంటారు. పెళ్ళి ప్రకటనల్లో 'వెల్ సెటిల్డ్' అనేది వరుడికి వేసే విశేషణం. వధువుకి వేసేవి వేరే వున్నాయి, అవి మనకు తెలియనివి కావు. 'అమెరికాలో సెటిలయ్యారు' అనే మాటలో కూడా యిదే దాగివుంది. భర్త ఉద్యోగ వీసా మీద వెళితే భార్య హెచ్-4 వీసా మీద వెళ్తుంది. 2015లో వాళ్ళలో కొందరికి అనుమతి యిచ్చేదాకా ఆ వీసా మీద వున్నవాళ్ళెవరికీ అక్కడ ఉద్యోగం చేసే హక్కు లేదు. ఇంజనీరింగ్ చదివిన మన అమ్మాయిలు ఎంతోమంది ఆ దేశంలో అలా యింట్లోనే వుండిపోయారు. యిక్కడి వాళ్ళ దృష్టిలో మాత్రం వాళ్ళు 'సెటిలైన' వాళ్ళే!

పాత ఇంగ్లీషులో యీ మాటకు మూలమైన పదానికి అర్థం కూర్చునే ఆసనం. అంటే ఒకచోట కూర్చోవడం, లేదా ఒకరిని ఒకచోట కూర్చోబెట్టడం. తనంతట తాను కూర్చున్నవాడెవరు, కూర్చోబెట్టబడ్డవాళ్ళెవరు అన్నదే యీ మాట చరిత్ర అంతా. మన నేలమీద దాన్ని ఎలా వాడారో చూస్తే యిది యింకా బాగా అర్థమవుతుంది.

ఈ మాట మన వూళ్ళలోకి పెళ్ళిళ్ళతో రాలేదు, శిస్తుతో వచ్చింది. 1793లో బెంగాల్లో కారన్‌వాలీసు పెట్టిన పర్మనెంట్ సెటిల్‌మెంట్ పద్ధతి 1802 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోని మన ఉత్తర సర్కారు ప్రాంతాల్లోకీ వచ్చింది. కంపెనీకీ జమీందారుకీ మధ్య జరిగిన ఒప్పందం అది. నేల దున్నేవాళ్ళను ఎవరూ అడగలేదు. రైత్వారీ ప్రాంతాల్లో ఒక్కొక్క పొలాన్నీ సర్వే చేసి, శిస్తు నిర్ణయించి, రైతు పేర పట్టా యిచ్చారు. రైతంటే మగవాడే అన్నది అక్కడ ఎవరూ చర్చించని విషయం. నాట్లు వేసిన చేతులు, కలుపు తీసిన చేతులు ఆ రికార్డులకు ఎక్కలేదు. ఆ లెక్క సరిచేసుకోవడానికి మనం యిప్పటికీ పోరాడుతూనే వున్నాం.

రెండో అర్థం యింకా కఠినమైనది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించింది. పుట్టుకతోనే నేరస్తులని ముద్రవేసిన జాతుల్ని తీసుకొచ్చి కాపలా మధ్య వుంచిన చోట్లకు ప్రభుత్వం పెట్టిన పేరు 'సెటిల్‌మెంట్'. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిందే. సాల్వేషన్ ఆర్మీ నడిపిన ఆ సెటిల్‌మెంటుకు అప్పటి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. ఎరుకలవాళ్ళు గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని కోస్తాకూ మెట్టప్రాంతాలకూ మధ్య తిరిగి బతికినవాళ్ళు. రైళ్ళు, ఉప్పు మీద ప్రభుత్వ విధానాలు ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. తిరుగుతూ బతకడమే నేరమైంది. బుట్టలల్లీ సోది చెప్పీ నాలుగు వూళ్ళు తిరిగి సంపాదించుకునే ఆ స్త్రీలు హాజరు వేయించుకోకుండా, అనుమతి లేకుండా బయటికి వెళ్ళలేని వాళ్ళయ్యారు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం కూడా ఆ చట్టం ప్రభుత్వానికి యిచ్చింది. 1952లో చట్టాన్ని రద్దు చేశారు. వూరి పేరు చెబితే జనం చూసే చూపు మాత్రం రద్దు కాలేదు. యిష్టంలేని మనుషుల్ని వాళ్ళ 'మంచి కోసమే' ఒకచోట కూర్చోబెట్టడాన్ని సెటిల్‌మెంట్ అన్నారని మనం మరచిపోకూడదు.

ఆ మాట నుంచే 'సెటిలర్' వచ్చింది. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక ఆ కాలవల కిందికీ, తరవాత తెలంగాణలోని యితర ప్రాంతాలకూ కోస్తా జిల్లాల నుంచి వచ్చి భూములు కొనుక్కున్న వాళ్ళను అలా పిలుస్తారు. తరాలు గడిచినా ఆ పేరు పోలేదు. దాని వెనకున్న రాజకీయాల జోలికి యిక్కడ పోవడం లేదు. ఒక్క విషయం మాత్రం గమనించాలి. పెళ్ళయి వూరు మారిన స్త్రీని ఎవరూ సెటిలర్ అనరు. నిజానికి ఆమె పరిస్థితి అంతకంటే నాజూకైనది. పుట్టింటివాళ్ళు 'ఆడపిల్ల, యీడపిల్ల కాదు' అంటారు. అత్తింటివాళ్ళు కోపం వచ్చినప్పుడల్లా 'మీ యింటికి పో' అంటారు. ఏ వూళ్ళోనూ తన పేర సెంటు భూమి లేని మనిషి ఎక్కడ సెటిలైనట్టు?

ఆస్తి విషయంలో యీ మాటకు చట్టబద్ధమైన అర్థం వుంది. 1899 నాటి స్టాంపుల చట్టం ప్రకారం పెళ్ళి సందర్భంగానో, కుటుంబంలో ఆస్తి పంచడానికో, తనమీద ఆధారపడ్డవాళ్ళకు ఏర్పాటు చేయడానికో, ధర్మకార్యాలకో రాసే దస్తావేజు సెటిల్‌మెంట్. వీలునామా రాసినవాళ్ళ మరణం తరవాతే అమల్లోకి వస్తుంది, ఈలోపు మార్చుకోవచ్చు. సెటిల్‌మెంట్ అలా కాదు, హక్కు వెంటనే పోతుంది. ఈ తేడా తెలియక నష్టపోయిన వృద్ధ స్త్రీలు ఎంతమందో! భర్త పోగానే 'అమ్మా, ఎప్పటికైనా మాదేగా' అని కొడుకులు రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్తారు. తిరిగొచ్చాక ఆమె తన యింట్లోనే తాను అతిథి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షను కింద, తనను చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చి, ఆ షరతు నెరవేరకపోతే ఆ దస్తావేజును రద్దు చేయమని అడగవచ్చు. ఆ షరతు లేకపోతే రద్దు కుదరదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. చట్టం ఉద్దేశాన్ని బట్టి దాన్ని ఉదారంగా అన్వయించాలని 2025 జనవరిలో మరో తీర్పులో చెప్పింది. తీర్పుల సంగతి అలా వుంచి, షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోమని మన అమ్మలకు, అత్తలకు చెప్పాల్సిన బాధ్యత మనది.

కూతుళ్ళ సంగతి మరో తీరు. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు యిచ్చింది. దేశంలో యిలా ముందు నడిచిన రాష్ట్రాల్లో మనదొకటి. కానీ అప్పటికే పెళ్ళయినవాళ్ళను మినహాయించింది. 2005లో కేంద్ర సవరణ ఆ మినహాయింపును తీసేసింది. 2005 నాటికి తండ్రి బతికి వుండనవసరం లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. చట్టం యింత దూరం వచ్చింది. యిళ్ళల్లో మాత్రం 'నీ పెళ్ళికి పెట్టిందంతా నీ వాటా కిందే సెటిలైపోయింది' అనే మాట అలాగే వుంది. కట్నం యివ్వడం, తీసుకోవడం 1961 చట్టం ప్రకారం నేరం. ఆ నేరాన్నే వాటా కింద లెక్కవేసి, అక్కచెల్లెళ్ళ చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుంటున్నారు. పెట్టకపోతే పండక్కి పిలుపు వుండదు. పుట్టింటి గడప తొక్కగలిగే భరోసా కోసం ఆస్తిని వదులుకుంటున్న స్త్రీని 'మంచి ఆడపడుచు' అంటున్నాం.

అప్పుల సెటిల్‌మెంట్ గురించి కూడా ఒక మాట. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 421 కింద ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయలు ప్రకటించింది. అందులో లక్ష కుటుంబానికి, 50 వేలు అప్పుల వన్‌టైమ్ సెటిల్‌మెంట్‌కి. తెలంగాణ ప్రభుత్వం 2015లో దీన్ని 6 లక్షలు చేసింది, అందులో లక్ష అప్పుల కోసం. చనిపోయినవాడు ఎవరి దగ్గర ఎంత తెచ్చాడో చాలామంది భార్యలకు తెలియదు. అప్పు చేసేటప్పుడు ఆమెను అడగలేదు, తీర్చేటప్పుడు మాత్రం అందరూ ఆమె గుమ్మంలోనే నిలబడతారు. కౌలురైతు భార్యయితే భర్త రైతేనని రుజువు చేయడానికి పట్టా కూడా వుండదు.

ఇక మనం మొదలుపెట్టిన కాగితం దగ్గరికి వద్దాం. 1983లో 498-ఎ వచ్చింది. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను. భర్తా, అతని బంధువులూ పెట్టే క్రూరహింస కుటుంబ విషయం కాదు, నేరం అని చెప్పించుకోవడానికి స్త్రీల ఉద్యమాలు ఎంతో పోరాడాయి. ఆ నేరాన్ని మళ్ళీ కుటుంబ విషయంగా మార్చే పని స్టేషన్ మెట్ల దగ్గరే మొదలవుతోంది. ఫిర్యాదుతో వెళ్ళిన స్త్రీని మొదట అడిగేది 'ఏం జరిగింది?' అని కాదు, 'ఏం కావాలి, కలిసుంటావా, సెటిల్ చేసుకుంటావా?' అని. దాంపత్య వివాదాల్లో కేసు నమోదుకి ముందు ప్రాథమిక విచారణ చేయవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. విచారణ చేయమంది కానీ బేరం కుదర్చమనలేదు. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో 498-ఎ కేసుల్లో కోర్టు అనుమతితో రాజీకి వీలు కల్పిస్తూ సవరణ తెచ్చినప్పుడు కూడా, రాజీ కోరిన నాటినుంచి కనీసం మూడు నెలలు గడవాలని షరతు పెట్టారు. ఆమె మీద ఒత్తిడి వుండవచ్చని, ఆలోచించుకునే వ్యవధి కావాలని చట్టం చేసినవాళ్ళకే తోచింది. స్టేషన్‌లో ఆ వ్యవధి ఒక మధ్యాహ్నం కూడా వుండటం లేదు. 2025 జూలైలో సుప్రీంకోర్టు, అలహాబాదు హైకోర్టు 2022లో యిచ్చిన మార్గదర్శకాలను ఆమోదించింది. వాటి ప్రకారం యిలాంటి కేసుల్లో మొదటి రెండు నెలలు అరెస్టులుండవు, విషయం కుటుంబ సంక్షేమ కమిటీ ముందుకు వెళ్తుంది. దొంగతనం కేసులో దొంగకూ సొత్తు పోయినవాడికీ రెండు నెలలు మాట్లాడుకోమని ఎవరైనా చెబుతారా?

ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. రాజీని ప్రోత్సహించడం, వివాదాలు త్వరగా సెటిలయ్యేలా చూడటం దాని ఉద్దేశమని మొదటి వాక్యంలోనే వుంది. లోక్ అదాలత్‌లో కుదిరిన ఒప్పందానికి కోర్టు డిక్రీకున్న విలువ వుంటుంది, దానిమీద అప్పీలు లేదు. త్వరగా తేలడం స్త్రీలకూ అవసరమే. ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరిగే శక్తీ డబ్బూ ఎవరికుంటాయి? అందుకే సెటిల్‌మెంట్ అనేది పూర్తిగా చెడ్డమాట అని మేము అనడం లేదు. చట్టమే కొన్ని చోట్ల గీత గీసింది. గృహహింస చట్టం కింద కౌన్సిలర్ బాధితురాలు కోరుకుంటేనే ఒప్పందానికి ప్రయత్నించాలి. పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టంలోని 10వ సెక్షను, ఆమె కోరితేనే రాజీ ప్రయత్నం చేయాలనీ, డబ్బు ఆధారంగా ఆ రాజీ వుండకూడదనీ చెబుతోంది. అత్యాచారం కేసుల్లో ఏ పరిస్థితిలోనూ రాజీ మాట తలపెట్టకూడదని 2015లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అయినా అత్యాచారం చేసినవాడికే యిచ్చి పెళ్ళి చేసి 'సెటిల్' చేశామని చెప్పుకునే పెద్దమనుషులు వూరూరా వున్నారు.

ఇక్కడ మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. మహిళా సంఘాలుగా మనమూ పంచాయితీలు చేశాం. భర్తనీ అత్తమామల్నీ పిలిపించి మాట్లాడాం, కాగితాలు రాయించాం. అప్పుడు పోలీసులు వినేవాళ్ళు కాదు, కోర్టు దూరం, వేరే దారి లేదు. కొందరికి మేలు జరిగింది. కొందరిని మళ్ళీ అదే యింటికి పంపించామని తరవాత బాధపడ్డాం. ఆమెకు వుండటానికి చోటు చూపించలేక 'యింకోసారి చూడమ్మా' అన్న సందర్భాలు మాకు గుర్తున్నాయి. ఆ మాట అన్నది మా దగ్గర వసతి లేకే కానీ, ఆమెకు అది న్యాయమని కాదు.

సెటిల్‌మెంట్ అనే మాటకు గౌరవం తెచ్చిన చోటు ఒకటుంది. అది కార్మికోద్యమం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద యూనియన్‌కీ యాజమాన్యానికీ అధికారి సమక్షంలో సెటిల్‌మెంట్ జరిగితే, అది ఆ సంస్థలోని కార్మికులందరికీ వర్తించేది. దాన్ని ఉల్లంఘిస్తే శిక్ష వుండేది. కార్మికుడు ఒంటరిగా బల్ల ముందు కూర్చోలేదు, వెనక సంఘం వుంది, సమ్మె చేసే శక్తి వుంది. మన స్త్రీలు బల్ల ముందు ఒంటరిగా కూర్చుంటున్నారు. ఎదుట భర్త తరఫున పదిమంది వుంటారు. పక్కన వున్న తల్లిదండ్రులు కూడా 'యిచ్చిందేదో పుచ్చుకో, చెల్లెలి పెళ్ళి కావాలి' అంటారు. ఒకరికి లేచి వెళ్ళిపోయే స్వేచ్ఛ వుండి, మరొకరికి వెళ్ళడానికి చోటే లేనప్పుడు ఆ యిద్దరి మధ్య కుదిరేది ఒప్పందం కాదు.

కాబట్టి సంతకం పెట్టేముందు ఏ స్త్రీ అయినా, ఆమె పక్కన నిలబడ్డ ఏ కార్యకర్త అయినా కొన్ని ప్రశ్నలు అడగాలి. ఈ కాగితం కోర్టులో నమోదవుతోందా? స్టేషన్‌లో రాసుకున్నది కోర్టు డిక్రీ కాదు. ఆచారం ప్రకారం విడాకులున్నాయని రుజువు చేయగలిగితే తప్ప, దానితో హిందూ వివాహం రద్దు కాదు కూడా. డబ్బు మొత్తం యిచ్చాక కేసు వెనక్కి తీసుకుంటున్నామా, తీసుకున్నాక యిస్తారా? పెట్టిన బంగారం, సామాను జాబితా వుందా? పిల్లల సంగతి విడిగా రాశారా? ఎదుటివాళ్ళు మాట తప్పితే ఏం జరుగుతుందో రాశారా? చదివి వినిపించారా, ఆలోచించుకోవడానికి గడువు అడిగితే యిచ్చారా? వీటిలో ఒక్కదానికి సరైన జవాబు రాకపోయినా సంతకం ఆపండి. 'తరవాత చూద్దాం' అన్న మాట కాగితం మీద వుండదు.

ఆ రోజు వచ్చినామెకు మేము చెప్పింది యిదే. మిగతా లక్షన్నర కోసం ఆ కాగితం పట్టుకుని పెద్దమనుషుల చుట్టూ తిరగొద్దన్నాం. కూతురి భరణం కోసం కోర్టులో వేరే దరఖాస్తు వేయించాం. తల్లి తన హక్కుల మీద ఏం సంతకం పెట్టినా, బిడ్డకు తండ్రి నుంచి రావలసిన పోషణ హక్కును వదిలేసే అధికారం ఆమెకు కూడా లేదు. ఈ మాట చెప్పినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "మరి ఆ రోజు ఎవరూ చెప్పలేదేం?" అంది.

ఆ ప్రశ్న పోలీసులకూ పెద్దమనుషులకూ వేసినంతగా మనకూ వేసింది. మీ వూళ్ళలో, మీ కేంద్రాల్లో యిలాంటి కాగితాలు ఎన్నో వుంటాయి. వాటిని వెతికి తీయండి. పేర్లు, వూర్లు కొట్టేసి నకళ్ళు మాకు పంపండి. ఏ షరతులు రాస్తున్నారు, ఏవి వదిలేస్తున్నారు, రాసిన వాటిలో ఎన్ని అమలవుతున్నాయి అన్నది ఒకచోట పెట్టి చూస్తేనే యీ సెటిల్‌మెంట్ల అసలు స్వరూపం బయటపడుతుంది. వచ్చినంతవరకూ రాబోయే సంచికలో ప్రచురిస్తాం. అధికారుల ముందు పెట్టడానికి కూడా మనకు అవే ఆధారాలు.